పక్కూరి బడికి గదులొచ్చాయి, మన బడికి ఎందుకు రాలేదు?

మాది కృష్ణా జిల్లా పమిడిముక్కల మండలం. మా వైపు ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒక మాట వినపడుతుంది: "పక్కూరి బడికి గదులు కట్టారు, మనకి కట్టలేదు. మన నాయకుడికి పలుకుబడి లేదు, అంతే." పలుకుబడి పనిచేయదని నేను అనను. కానీ దానికంటే ముందు కాగితం మీద ఒక లెక్క జరుగుతుంది. ఈరోజు ఆ లెక్క గురించి మాట్లాడుకుందాం.

మొదటి పద్ధతి, తలల లెక్క. తెలంగాణలో 2022 మార్చిలో వనపర్తిలో మొదలుపెట్టిన 'మన ఊరు - మన బడి' చూడండి. మొత్తం 26,065 బడులు, 7,289 కోట్ల అంచనా. అన్నీ ఒకేసారి చేయలేరు కదా. అందుకని ప్రతి మండలంలో ఎక్కువమంది పిల్లలున్న బడుల్ని ముందు తీసుకున్నారు. అలా తొలి విడతలోకి 9,123 బడులు వచ్చాయి. పెట్టిన రూపాయి ఎక్కువమందికి అందాలన్నది ఆలోచన. వినడానికి న్యాయంగానే ఉంది. మరి పాతికమంది పిల్లలున్న బడి సంగతి? గది కురుస్తోందని పిల్లలు ప్రైవేటుకి వెళ్లిపోతారు. పిల్లలు తగ్గారు కాబట్టి బడి లిస్టులో కిందకి పోతుంది. కిందకి పోయింది కాబట్టి గది బాగుపడదు. ఇంకొంతమంది వెళ్లిపోతారు. చివరికి "పిల్లలే లేరు కదా" అంటారు!

రెండోది, పోటీ. కేంద్రం 2022లో తెచ్చిన పీఎం శ్రీలో దేశం మొత్తానికి 14,500 బడులు. బడే ముందుకొచ్చి తన అర్హత చూపించుకోవాలి. ఇప్పటికే కాస్త బాగున్న బడికి ఇందులో దారి సులువు. బాగా వెనకబడినదానికి కష్టం.

మూడోది, ఒక బడిని పట్టుకుంటే పూర్తిగా చేసేయడం. మన ఆంధ్రలో 2019 నవంబరు 14న మొదలైన 'నాడు-నేడు' అదే. తొలి విడతలో 15,700కు పైగా బడులు, సుమారు 3,669 కోట్లు. టాయిలెట్లు, తాగునీరు, రిపేర్లు, కరెంటు, బెంచీలు, రంగులు, ప్రహరీ, అన్నీ ఒకే బడికి. తల్లిదండ్రుల కమిటీ చేతుల మీదుగా పనులు. తొలి విడతలో ఉన్న బడి మారిపోయింది, కళ్లారా చూశాం. రెండో విడతలో చాలాచోట్ల పనులు మధ్యలో ఆగాయి. పునాది లేచి, పిల్లర్లు నిలబడి, ఇనుప చువ్వలు తుప్పు పట్టిన బడులు మన జిల్లాల్లోనే ఉన్నాయి.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తా. సగంలో ఆగినవి పూర్తి చేయకుండా కొత్త పేరుతో కొత్త లిస్టు మొదలుపెట్టకూడదు. తర్వాత పడిపోయేలా ఉన్న కప్పులు. ఆ తర్వాత టాయిలెట్లు, నీళ్లు. రంగులు ఆఖర్న. ఆడపిల్ల మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చునే బడిలో గోడకి ఏ రంగు వేస్తే ఏం లాభం?

ఇంకో చిక్కుంది. 2022లో జీవో 117తో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవో రద్దయింది. పిల్లలు ఇటు అటు మారితే గదుల అవసరమూ మారుతుంది. ఒకచోట గది ఖాళీ, ఇంకోచోట వరండాలో పాఠం. ఏ తరగతి ఎక్కడ ఉండాలో తేల్చుకోకుండా గదులు కడితే జరిగేది ఇదే.

మన డెల్టా సంగతి వేరే చెప్పాలి. మనది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పునాది గట్టిగా వేయకపోతే గోడలు బీటలు వారతాయి. గట్టిగా వేస్తే ఖర్చు పెరుగుతుంది. అన్ని జిల్లాలకీ గదికి ఒకటే రేటు అంటే మనకి చాలదు. పైగా 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ ఇది. తుపాను హెచ్చరిక వస్తే జనం తలదాచుకునేది ఎక్కువగా బడిలోనే. అందుకే నాగాయలంక, కోడూరు వైపు బడి కప్పుని పిల్లల సంఖ్యతో మాత్రమే కొలవకూడదు. ఆ రాత్రి ఎంతమంది దాని కింద ఉంటారో కూడా లెక్కలోకి రావాలి.

మరి మనం ఏం చేయాలి? ప్రతి ప్రభుత్వ బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఎన్ని గదులు, ఎన్ని రిపేరులో ఉన్నాయి, టాయిలెట్ పనిచేస్తుందా, ఇవన్నీ ఏటా బడి నుంచే నమోదవుతాయి. నిధుల ప్లాను వేసేవాళ్లు చూసేది ఆ అంకెలే. బడిలో నీళ్లు రాని టాయిలెట్‌ని "పనిచేస్తోంది" అని రాస్తే, పైవాళ్ల దృష్టిలో మీ బడికి సమస్యే లేదు. ఫోన్లో యూడైస్ ప్లస్ సైటు తెరిచి మీ ఊరి బడి పేరు కొట్టి చూడండి. ఉన్నదీ రాసిందీ ఒకటేనా? తేడా ఉంటే హెడ్మాస్టరు గారికి మర్యాదగా చెప్పండి. స్కూల్ కమిటీ సమావేశంలో తీర్మానం రాయించండి, ఫొటోలు జత చేయించండి, కాపీ ఎంఈవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

దీంతో రేపే గది వస్తుందని నేను చెప్పను. కానీ లిస్టు తయారయ్యే రోజున మీ బడి బాధ అందులో అంకెగా ఉండాలి. లేకపోతే అడిగేవాళ్లే ఉండరు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.