శిశువు మెదడును గావవలసిన కాలము
(ప్రజ్ఞాపూర్ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యావ్యాప్తికై మనము ధనము వెచ్చించుచున్నాము. అది మిక్కిలి శ్లాఘనీయము. కాని బిడ్డ పలక పట్టుటకు ఎంతో ముందే, తల్లి గర్భమునను, పుట్టిన తొలిదినములయందును విద్యకు పునాది పడుచున్నది. నేఁడు నేను విన్నవింపఁదలఁచినది ఆ కాలమును గూర్చియే.

ముల్లు గ్రుచ్చుకొనిన చోటు ఎఱ్ఱనై, వేఁడెక్కి, వాచును. క్రిములతో దేహము సల్పు ఈ పోరునే వైద్యులు శోథమందురు. ఇది రక్షణకొఱకు పుట్టినదే. అయినను గర్భిణికి ఉమ్మనీటి పొరలయందు క్రిములు చేరి శోథము ప్రబలినచో, అది మావిని, శిశువును సయితము తాఁకవచ్చును. మెదడునందు మైక్రోగ్లియా యను కావలికణములు గలవు. అవి మితిమీఱి రెచ్చినయెడల, నరముల తంతువులకు తొడుగు నిర్మించు లేఁతకణములకే హాని గావించును. నెలలు నిండక పుట్టిన శిశువులకు ఈ యపాయము హెచ్చు. తరువాత నడక, మాట, చదువు వెనుకఁబడవచ్చును. అయినను జ్వరము వచ్చిన ప్రతి తల్లియు భయపడవలదు. పెక్కుమంది బిడ్డలు ఆరోగ్యముగానే పెరుగుదురు.

పుట్టిన పిదప రక్తమున క్రిములు వ్యాపించుటవలన కలుగు సెప్సిస్ అను వ్యాధియు ఇట్టి కీడే చేయును. ఒడిశా గ్రామములలో 4,556 మంది శిశువులపై జరిగిన పరిశోధనము 2017లో ‘నేచర్’ పత్రికయందు వెలువడినది. మేలు చేయు సూక్ష్మజీవులను వాని పోషకముతో కూడ ఏడుదినము లొసఁగఁగా, సెప్సిస్, మరణములు కలిసి 40 శాతము తగ్గినవి. ఆ మందును ఎవరికివారు వాడరాదు. ఈ కీడు విధివ్రాఁత గాదనియు, తప్పింపఁదగినదనియు మాత్రము దీనివలన గ్రహింపవలెను.

గజ్వేలు దవాఖాన మనకు దూరము గాదు. 108 బండి పిలిచినంతనే వచ్చును. ఆలస్యమంతయు మన గడపలోపలనే జరుగుచున్నది. గర్భిణికి జ్వరము వచ్చినను, మూత్రమున మంట గలిగినను, ఉమ్మనీరు ముందుగా పోయినను, మగవారు పొలమునుండి వచ్చువఱకు ఆగవలదు. బొడ్డునకు బూడిద గాని పసుపు గాని పూయవలదు. పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెను. శిశువు పాలు మానినను, చల్లఁబడినను, ఎగఊపిరి విడిచినను, తాయెత్తు కట్టి తెల్లవాఱువఱకు చూడరాదు.

తుదకొక్క మనవి. బిడ్డ మందమతి యైనచో కోడలిని నిందించు దురాచారమును ఈ సభయందే విడనాడుదము. రోగము ఆమె చేసిన నేరము గాదు. ఆమెను సకాలమున వైద్యునికడకుఁ జేర్చుట మన యందఱి ధర్మము. దాతలు విద్యార్థివేతనములతోపాటు గర్భిణుల ప్రయాణమునకును కొంత నిధి కేటాయింతురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.