వెయ్యి గడుల్లో ఒక పరీక్ష

రొమ్ము క్యాన్సర్ పరీక్షలో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా? కాగితం మీద 1000 గడులు గీసి, ఒక్కో గడిని ఒక్కో స్త్రీ అనుకుందాం. లక్షణాలు లేనివారిలో నూటికి ఒకరికి జబ్బు ఉందనుకుని, ఆ గడులకు ఎర్ర రంగు వేస్తే అవి 10. పరీక్ష వాటిలో 9 పట్టుకుందనుకుందాం. పాజిటివ్ వచ్చిన ఆ గడుల్లో చుక్కలు పెడదాం. జబ్బు లేని 990 మందిలో నూటికి 9 మందికి పొరపాటున పాజిటివ్ చూపితే, చుక్కలు మరో 89 దాకా. మొత్తం 98 చుక్కల్లో ఎర్ర గడులవి 9 మాత్రమే. షరతుతో కూడిన సంభావ్యత అంటే ఇదే: వెయ్యినీ వదిలేసి, చుక్కలున్న గడులనే లెక్కించడం. దాని సూత్రం ఇచ్చే జవాబూ ఇదే, కానీ ఇక్కడ కారణం కంటికి కనిపిస్తుంది.

అలాగైతే పరీక్షే దండగ అనవచ్చు. కాదు. నూటికి ఒకటిగా ఉన్న అనుమానం పాజిటివ్ వచ్చాక సుమారు తొమ్మిదికి పెరిగింది. తదుపరి పరీక్ష ఎవరికి అవసరమో తేలింది. గడ్డ తగిలినవారిలో ఎర్ర గడులు ముందే ఎక్కువ, వారికి పటం వేరుగా గీయాలి. పాజిటివ్ వస్తే కుంగిపోకండి, తదుపరి పరీక్ష మానకండి.