రాచపుండు చికిత్సలో సూక్ష్మ వాహనములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



రాచపుండునకు మందు లేదని పూర్వము పెద్దలు చెప్పుచుండెడివారు. ఆ మాటను సడలించిన వారిలో తెలుగువారొకరు కలరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల అమినోప్టెరిన్ అను మందును సిద్ధపరచెను. సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తపు కేన్సరు సోకిన పసిబిడ్డలకిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గినదని 1948లో ప్రకటించెను.

అయితే ఇట్టి మందులలో ఒక చిక్కు కలదు. త్వరత్వరగా విభజన చెందు జీవకణముల నవి చంపును. వెంట్రుకల కుదుళ్లలోను, నోటి లోపొరయందును, ఎముకల మూలుగలోను ఉండు మంచి కణములు సైతము అట్టివే. కావుననే జుట్టు రాలును, నోరు పూయును, రక్తబలము క్షీణించును. డాక్సోరూబిసిన్ అను మందు గుండెను సైతము దెబ్బతీయగలదు. కలుపుకై చల్లిన మందు పైరును కూడ మాడ్చినట్లే యగును.

1960 దశకమున ఇంగ్లండులో ఆలెక్ బాంగమ్ అను శాస్త్రజ్ఞుడు, గ్రుడ్డు పచ్చసొనలో లభించు లెసిథిన్ నీటిలో తనంత తానుగా సూక్ష్మమైన బుడగలుగా ఏర్పడునని గుర్తించెను. వీనికి లైపోసోములని పేరు. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు నానోమీటరు. మందు నింపిన బుడగ వెడల్పు సుమారు 100 నానోమీటర్లు. ఆరోగ్యమైన అవయవములు పెక్కింటిలో రక్తనాళముల గోడలు బిగువుగా నుండుటచే అది వెలుపలికి రాజాలదు. రాచగడ్డ తొందరపాటున పెంచుకొన్న నాళములకు మాత్రము, క్రొత్తగా పోసిన కాలువగట్టుకు వలె, గండ్లు ఉండును. ఆ గండ్లగుండ బుడగలు జారి గడ్డలో నిలువగలవు.

ఇట్లు డాక్సోరూబిసిన్ నింపిన డాక్సిల్ అను మందును 1995లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. ముదిరిన రొమ్ము కేన్సరు గల స్త్రీలలో దీనిని పాతరీతి మందుతో పోల్చిన పరీక్షా ఫలితములు 2004లో వెలువడినవి. ఆయువు రెండింట ఇంచుమించు సమానమే. గుండెకు హాని మాత్రము బుడగల మందువలన చాల తక్కువ. అయినను అరచేతులు, అరికాళ్లు మండి పొక్కుట ఎక్కువైనది.

గురి కూడ ఇంకను కుదురలేదు. జంతువులపై జరిగిన పరిశోధనలను 2016లో సమీక్షింపగా, ఎక్కించిన సూక్ష్మకణములలో గడ్డను చేరునది సాధారణముగా నూటికి ఒక వంతైనను లేదని తేలినది. తక్కినవానిలో చాలభాగము కాలేయము, ప్లీహము పట్టుకొనును.

కావున ఈ విద్య ఇంతవరకు సాధించినది ముఖ్యముగా బాధను తగ్గించుటయే. చికిత్సను తట్టుకొనలేని రోగికి అదియు స్వల్పము కాదు. కాని నానో మందన్న పేరు విని, సర్వరోగ నివారిణియని నమ్మి మోసపోరాదు. రొమ్మున గడ్డ, మానని నోటిపుండు కనబడినపుడు సిగ్గుచేత దాచక వెంటనే వైద్యునికి చూపుటయే నేటికిని శ్రేయస్కరము. ఈ మాటను గ్రంథాలయమునకు రాజాలని తల్లులకు, అక్కచెల్లెండ్రకు చేర్చుట పాఠకుల ధర్మము.