లినక్సు ప్యాకేజీలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చిన పుస్తకమును నేరుగా బీరువాలో నుంచరు. రిజిస్టరులో వ్రాసి, సంఖ్య వేసి, చోటు నిర్ణయించిన పిమ్మటనే అది పాఠకుని చేతికి వచ్చును. లినక్సు కంప్యూటరులో సాఫ్ట్‌వేరును చేర్చుటయు ఇట్టి పనియే. ఈ పోలికతో ఆ విషయమును ఉప్పుగూడ పాఠకులకు మనవి చేసెదను.

ప్రోగ్రామును మొదట మనుష్యుడు చదువదగిన మూలరూపమున వ్రాయుదురు. దానిని యంత్రభాషలోనికి మార్చిననే కంప్యూటరు నడపగలదు. ఇంటింట ఈ మార్పు చేసికొనుట కష్టము గనుక, ఒకచోట సిద్ధపరచిన ఫైళ్లను మూటగట్టి అందరికి పంపుదురు. ఆ మూటయే ప్యాకేజీ. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ పద్ధతిలో దీనిని ‘డెబ్’ అందురు. అందు మూడు భాగములుండును. మొదటిది మూటగట్టిన పద్ధతిని తెలుపు చిన్న ఫైలు. రెండవది వివరపత్రము: పేరు, ఎన్నవ కూర్పు, ఎవరి బాధ్యత, ఏ జాతి యంత్రమునకు తగును, ముందుగా ఏ యితర ప్యాకేజీలు ఉండవలెను అనునవి ఇందు ఉండును. మూడవది అసలు ఫైళ్లు, అవి చేరవలసిన చోట్లతో సహా.

మన భాషనుండియే ఉదాహరణము చెప్పెదను. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన అను తెలుగు ఫాంట్లు డెబియన్‌లో ప్యాకేజీగా లభించును. ఒక్క ఆజ్ఞతో అవి చేరును. వలదన్నచో ఒక్క ఆజ్ఞతో తొలగును. ఏ ఫైలు ఎక్కడ నున్నదో కంప్యూటరే పట్టికలో వ్రాసికొనును. అట్లుగాక చేతితో తెచ్చి తలకొకచోట పడవేసినచో, క్రొత్త కూర్పు వచ్చిన నాడు పాతది ఏదో గుర్తింపరాదు.

అయితే ఇతరులు కట్టిన మూటను నమ్ముట యెట్లు? డెబియన్ భాండాగారపు జాబితాపై సంతకముండును. దారిలో మూటను మార్చినచో సంతకము దానిని పట్టియిచ్చును. కాని మూటగట్టుటకు ముందే మోసము జరిగినచో సంతకము చాలదు. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ అను సాఫ్ట్‌వేరున దొంగదారి బయటపడినది. బహిరంగముగా నుంచిన మూలమున లేని ఒక తునక, విడుదల చేసిన మూటలో చేర్చబడియుండెను. కంప్యూటరులోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుట గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ దానిని కనిపెట్టెను. డెబియన్ పరీక్షాదశ కూర్పులకు అది చేరినను, స్థిరమైన కూర్పునకు చేరలేదు. ఒకే మూలమునుండి ఎవరు ఎక్కడ కట్టినను ఒకే మూట రావలెనని నేడు అనేకులు కృషి చేయుచున్నారు.

సోదరులారా! హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు తెలుగు కంప్యూటరుకొరకు పాటుపడినవి. యువకులు ప్రోగ్రాములు వ్రాయుటతో తృప్తిపడక, వానిని మూటగట్టి, వివరపత్రము వ్రాసి, ఏండ్ల తరబడి కాపాడు బాధ్యతను కూడ స్వీకరింపవలెను. ప్యాకేజీగా చేరని తెలుగు సాఫ్ట్‌వేరు, రిజిస్టరుకెక్కని పుస్తకమువలె, ఉండియు అడిగినవారికి అందదు.