మోటారుబండి మేల్కట్టు



దేవుని పల్లకిమీదను, పెండ్లిపందిటను పైని కట్టెడి బట్టను మనవారు మేల్కట్టు అనియు, చాందినీ యనియు వ్యవహరింతురు. అమరసింహుడు దీనికే వితానము, ఉల్లోచము అని పేళ్లు చెప్పెను. కారులోపల, ఇనుపకప్పునకు దిగువను మన తలలపై నుండు బట్టయు అట్టిదే. శోభకొఱకే కాక, ఎండవేడిమిని, చప్పుడును కొంత తగ్గించుటకు దానిని అమర్చిరి. అది జాఱినప్పుడు దానిని విప్పు పద్ధతిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

పూర్వపు బండ్లలో బట్టకు వెనుకవైపున గొట్టములు కుట్టి, వానిలో సన్నని ఇనుపకమ్ములు దూర్చి, విల్లువలె వంచి నిలిపెడివారు. ఇప్పటివానిలో అచ్చుపోసిన అట్టకు పలుచని నురుగుపొరయు, దానిపై బట్టయు అంటింపబడి యుండును. ఆ నురుగు పాలియురేథేన్. 1937లో జర్మనీలో ఓట్టో బేయరు మొదలగువారు కనుగొనిన రసాయనజాతికి చెందినది. వేడిమియు, గాలిలోని తేమయు ఏండ్లకొలది పనిచేయగా అది పొడియై రాలును. మా రుద్రూరు ప్రాంతమున వేసవియెండయు, వానకాలపు వరిమళ్ల తేమయు రెండును కలవు. నీడలేని చోట నిలిపిన బండ్లకు ఈ యవస్థ త్వరగా వచ్చును.

వ్రేలాడిన బట్ట నడుపువానికి వెనుకచూపు అద్దమును మఱుగుపఱచును. కొందఱు గుండుసూదులు గ్రుచ్చి నిలుపుదురు. కొందఱు సందులలో జిగురు పోయుదురు. పట్టియుంచవలసిన నురుగే పొడియైనప్పుడు సూది దేనిని పట్టును? జిగురు దేనికి అంటును? కావున అట్టతో సహా విప్పి బాగుచేయుటయే మార్గము.

మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విడదీసి, బండితో వచ్చిన పుస్తకమున చెప్పినంతసేపు ఆగవలెను. పిమ్మట లోదీపము, ఎండమఱుగు పలకలు, చేతిపిడులు, ప్రక్కకంబముల తొడుగులు, తలుపుల రబ్బరుపట్టీలు వరుసగా విప్పవలెను. దేని మఱలను దానికే పొట్లము కట్టి పేరు వ్రాసికొనుట మేలు. అట్ట వంగిన విఱుగును. గనుక సీట్లను వాల్చి, ఇద్దఱు పట్టుకొని, వెనుకతలుపు గల బండియైనచో ఆ దారినే మెల్లగా వెలికి తీయవలెను. ముక్కునకు గుడ్డ కట్టుకొని, పాతనురుగును మెత్తని కుంచెతో పూర్తిగా రాల్చి, వేడికి కరగని జిగురుతో నురుగుగల క్రొత్తబట్టను నడుమనుండి అంచులకు సర్దుచు అంటింపవలెను.

ఇక ముఖ్యమైన మాట. క్రొత్తబండ్లు పెక్కింటిలో కిటికీలమీద, ఈ మేల్కట్టు అంచుల చాటున, గాలిసంచి మడిచి పెట్టబడి యుండును. ప్రక్కనుండి ఢీకొట్టిన క్షణములోనే అది అంచును త్రోసికొని దిగి, మన తలకును అద్దమునకును నడుమ తెరయై నిలుచును. అంచు ఊడిరాకుండ మఱలు బిగించినను, దళసరి బట్టను చుట్టి కుట్టినను ఆ తెర దిగుటకు దారి యుండదు. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును. అట్టి బండ్లను అందు శిక్షణ పొందినవారికే అప్పగించుడు. కూలి నాలుగు రూపాయలు హెచ్చైనను బేరమాడవలదు. అలంకారము తరువాతిది, ప్రాణము మొదటిది.