‘చిన్న గౌండర్’ : చలనచిత్రములందలి కులనామము



మన కులనామమును శీర్షికగా నుంచి యొక చలనచిత్రమును నిర్మింపజేయవలయుననియు, అందులకు సంఘనిధినుండి కొంత ద్రవ్యమును కేటాయింపవలయుననియు నొక తీర్మానము రేపటి సభకు రానున్నది. అట్టి శీర్షికతోనే విజయము నొందిన యొక అరవచిత్రమును గూర్చి ముందుగా మాటాడుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. సినిమాల ముచ్చట ఇట్టి సభలో తగునా యని కొందరు పెద్దలకు తోపవచ్చును. సంఘధనముతో ముడివడిన విషయము గనుక కొంచెము ఓర్చుకొందురు గాక.

ఆ చిత్రము 1992వ సంవత్సరము సంక్రాంతి పండుగకు విడుదలైన ‘చిన్న గౌండర్’. దర్శకులు ఆర్.వి. ఉదయకుమార్. సంగీతము ఇళయరాజాగారిది. విజయకాంత్ నాయకుడు, సుకన్య నాయిక. నాయకుడు పల్లెకు పెద్ద, తగవులు తీర్చువాడు. నాయిక దైవానై పేదపిల్ల. వారి ప్రణయము కవ్వింపులతో మొదలై పెండ్లివరకు నడచును. నడుమ కర్రసాములు, కొట్లాటలు. గౌండమణి, సెంథిల్ అను జంట హాస్యము. తల్లి వేషమున మనోరమ. బొంగరము ఘట్టమును మాత్రము ఈ సభలో వర్ణింపజాలను. చూచినవారికి దెలియును, చూడనివారు చూచినవారిని అడుగవచ్చును.

మన తీర్మానమును బలపరచువారు చెప్పునది యేమి? కులనామము శీర్షిక నుండుటచేతనే ఆ చిత్రమున కంతటి గౌరవము గలిగినదని. ఇది యెంతవరకు నిజమో విచారింతము.

ఆ కథలో నాయకుడు గౌండరే. ఆతనికి గర్భశత్రువై, పేదపిల్లను అప్పుతో పీడించు చక్కరై గౌండరును గౌండరే. ఒకే బిరుదము ధర్మమూర్తికిని దుర్మార్గునకును సమానముగా తగిలింపబడినది. ఇక వేషధారులను జూడుడు. చిన్న గౌండరుగా నటించిన విజయకాంత్ మదురై ప్రాంతమున తెలుగు మాటాడు కుటుంబమున జన్మించినవారు. చక్కరై గౌండరుగా భయపెట్టినవారు సలీం గౌస్‌గారు. ఆ గౌండరులిద్దరిని జూచి కొంగునాటి ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరే కాని వేషధారుల వంశవృక్షము నడిగినట్లు నేను వినలేదు.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఆ చిత్రమునే 1992లోనే మన భాషలో వెంకటేశ్, విజయశాంతులతో బి. గోపాల్‌గారు ‘చినరాయుడు’ అను పేర తీసిరి. ఆ యేటనే కన్నడమున రవిచంద్రన్ నాయకుడుగా ‘చిక్కెజమానరు’ వచ్చినది; చిన్నయజమాని యని దాని యర్థము. రాష్ట్రపు పొలిమేర దాటగనే గౌండరు రాయుడయ్యెను, రాయుడు యజమాని యయ్యెను. కథ మాత్రము నిలిచినది. రాయుడన్నది మనలో ఏ యొక్క కులమునకును సొంతము గాదు. ఆ మాటకు వచ్చిన గౌండరు శబ్దమును గూడ తమిళనాట పలుకులములవారు వహించుచున్నారు. ఆ యేడే వెలువడిన ‘తేవర్ మగన్’ తెలుగున ‘క్షత్రియపుత్రుడు’ అయినది గదా! వ్యాపారము నెరిగిన నిర్మాతలు పొలిమేర దాటునపుడు మొట్టమొదట దింపిన బరువు కులనామమే.

పేరు పెట్టుటవలన గలుగు చిక్కులను గూర్చి తమిళనాడే మనకు వేరొక నిదర్శనము చూపుచున్నది. 1997లో విరుదునగరమునందు క్రొత్తగా నేర్పడిన రవాణాసంస్థకు వీరన్ సుందరలింగము అను దళితవీరుని పేరిడగా, దక్షిణజిల్లాలలో ఘోరమైన అల్లరులు చెలరేగినవి. తుదకు ప్రభుత్వము జిల్లాలనుండియు, రవాణాసంస్థలనుండియు నాయకుల పేర్లనన్నింటిని తొలగించెను. ఒక బస్సునుదుట వ్రాసిన పేరే అంత పని చేసినప్పుడు, ఊరూర గోడలపై అంటింపబడు శీర్షిక మాట యేమి?

మరియొక విషయము చెప్పవలసియున్నది. ఇది కొందరికి కటువుగా నుండవచ్చును. ఆ చిత్రమున చిన్న గౌండరు నడచునప్పుడు వెనుక నొక బక్కపలుచని మనిషి గొడుగు పట్టుకొని వచ్చుచుండును. ఆ వేషధారి అనంతరకాలమున తమిళనాటనెల్ల ప్రసిద్ధినొందిన హాస్యనటుడు వడివేలు. వానిని జూచి మనము నవ్వుదుము. నవ్వినతరువాత నొక్క నిమిషము ఆగి, ఆ గొడుగు పట్టినవాని పేర ఒక చిత్రము వచ్చునా యని నా కుమార్తె నన్నడిగినది. నేను చెప్పగలిగిన జవాబు లేకపోయెను. మనము తీయబోవు చిత్రములో గొడుగు ఎవరిచేత పట్టింతుము? ఆ యింటిపిల్లలును మన పిల్లలతోడనే బడిలో గూర్చుండుచున్నారు.

గ్రామపెద్ద తీర్పుల సంగతియు నట్టిదే. ‘చిన్న గౌండర్’ వచ్చిన రెండేండ్లకు, 1994లో, కె.ఎస్. రవికుమార్‌గారి ‘నాట్టామై’ వచ్చినది. మనకది 1995లో ‘పెదరాయుడు’ అయినది. అందు ఒక పెద్ద, పనిపిల్లను చెరచినవానికే ఆ పిల్లనిచ్చి పెండ్లి చేయించి, తన బంధువుల కుటుంబమును పదునెనిమిదేండ్లు వెలివేయును. హాలంతయు హర్షించినది. ఆ పిల్ల యిష్టమేమని అడిగినవారు తెరపై లేరు, తెరయెదుటను లేరు. తెరపై తీర్పరి నాయకుడు గనుక అతని తీర్పు ధర్మముగా దోచును. నిజముగా ఊళ్లలో వెలిపడినవారికి నిప్పు, నీరు, పలుకరింపు లేకుండుట ఎట్టిదో ఈ సభలో నెరిగినవారు లేకపోలేదు. 2011 ఏప్రిల్ నెలలో సర్వోన్నత న్యాయస్థానము, తమిళనాటినుండి వచ్చిన వ్యాజ్యమునందే, ఇట్టి కట్టపంచాయతులు చట్టవిరుద్ధములని స్పష్టముగా జెప్పినది.

అట్లయిన ఆ చిత్రమునుండి మనము గ్రహింపదగిన దేమియు లేదా? ఉన్నది. దైవానై తన అప్పు తీర్చుటకై మొయ్‌విందు చేయును. ఊరివారు వచ్చి భోజనము చేసి, ఎవరి శక్తికొలది వారు ఆకుక్రింద ధనముంచి లేచి పోవుదురు. ఇది కవికల్పన కాదు. పుదుక్కోట్టై, తంజావూరు ప్రాంతములలో ఆడిమాసమున, పెండ్లిండ్లు లేని దినములలో, ఇట్టి విందులు నేటికిని జరుగుచున్నవి. అచ్చట ఆకుక్రింద గాక, బల్లయొద్ద గూర్చున్న లేఖకుడు పేరు, ఊరు, సొమ్ము పుస్తకమున వ్రాసికొనును. విందు చేసినవాడు ఆ సొమ్ముతో బావి త్రవ్వించుకొనును, పిల్లవానిని చదివించుకొనును, లేదా అప్పు తీర్చుకొనును. ఇచ్చినవాని యింట విందైనపుడు ఆ మొత్తమునకు మరికొంత చేర్చి తిరిగి చెల్లించును. మన పెండ్లిండ్లలో చదివింపులకును ఇదియే మూలసూత్రము. పేరును సొమ్మును బిగ్గరగా చదువుటచేతనే దాని కా పేరు వచ్చినది. మనము మాత్రము వచ్చిన సొమ్ము పందిళ్లకును బాజాలకును సరిపెట్టి, పుస్తకమును పెట్టెలో పారవేయుచున్నాము.

చిత్రనిర్మాణమున పెట్టుబడి పోయినచో తిరిగి యిచ్చువారెవ్వరును లేరు. మొయ్ పుస్తకమున వ్రాసిన రూపాయి ఏదో యొకనాడు తిరిగి వచ్చును.

కాన రేపు తీర్మానము వచ్చినపుడు దానికి వ్యతిరేకముగా నేను చేయెత్తెదను. అంతతో నూరకుండక యొక సవరణను గూడ ప్రతిపాదించుచున్నాను. మన విద్యార్థి వసతిగృహమునకు పై యంతస్తు వేయుటకై సంఘము పక్షమున నొక విందు చేయవలెను. ఊరిలోని అన్ని కులములవారిని పిలువవలెను. అన్ని కులముల పిల్లలకును గదులలో చోటీయవలెను. ఆకులు వేయుట, వడ్డించుట, ఎంగిలాకు లెత్తుట మన యిండ్ల మగవారే చేయవలెను. సవరణపై సంతకము చేయగోరువారు సభానంతరము భోజనశాల వాకిట నన్ను గలిసికొన ప్రార్థన.