చెత్త ఏరే చేతులు, కూలి రేట్లు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



బాలాపూర్‌లో బర్మా వాళ్ళు దిగినప్పటి నుంచి కబాడీ పనిలో మనకు గిట్టడం లేదని మన సభ్యులే కొందరు అంటున్నారు. ఈ మాట మీదనే నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

2012లో, 2017లో మయన్మార్‌లో జరిగిన దారుణాల తర్వాత పారిపోయి వచ్చిన రోహింగ్యాలు మన జిల్లాలోనే బాలాపూర్ దగ్గర గుడిసెలు వేసుకొని ఉంటున్నారు. చాలామందికి చెత్త ఏరుడే బతుకుదెరువు.

ఈ తగాదా కొత్తది కాదు. ఒకప్పుడు మన తెలుగువాళ్ళే ఓడెక్కి రంగూనుకు కూలికి పోయేవారు. అక్కడ వాళ్ళను ‘కోరంగీలు’ అనేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, బర్మా వాళ్ళను పనిలోకి దింపిండ్రు. సమ్మె తీరంగనే వాళ్ళను పొమ్మన్నరు. ఇద్దరూ పేదోళ్ళే, ఒకరి మీద ఒకరు పడ్డారు. వందమందికి పైగా చచ్చిపోయిండ్రు. కూలి నిర్ణయించే దొరలు మాత్రం ఆ కొట్లాటలో లేరు.

పని అనేది గోనెసంచిలో బియ్యం కాదు, ఒకడు తీసుకుంటే ఇంకొకడికి తక్కువ పడనీకి. కలిసిపోయిన చెత్తకు ధర లేదు. నీళ్ళ సీసా, అట్ట, పాల కవరు, రాగి తీగ వేరు చేస్తేనే ధర. ఎంత ఏరితే ఆటోవాడికి, బేళ్ళు కట్టేవాడికి, కరిగించే కార్ఖానాకు అంత పని. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాత అల్యూమినియం మళ్ళీ పనికొస్తుంది. అంత ఆదాలో ఏరినవాడి చేతికి వచ్చేదెంత?

రేటు పడిపోయిందన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే ఎందుకు? కాగితాలు లేనివాడు తూకంలో మోసం కళ్ళారా చూసినా ఠాణాకు పోయి చెప్పుకోలేడు. ఇచ్చింది తీసుకుంటాడు. రేపు అదే రేటు మనవానికీ చూపిస్తారు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు కఫీల్ చేతిలో పెట్టిన మన పిల్లలు ఎందుకు నోరు మెదపలేదో, ఇక్కడ కూర్చున్న తల్లులకు నేను చెప్పాల్నా? వాళ్ళను తరిమితే ఆ రేటు పెరగదు. దుకాణందారు ఇంకో గతిలేనివాణ్ణి వెతుక్కుంటాడు.

అందుకని కమిటీకి నా తజ్వీజ్. మన సభ్యుల కబాడీ దుకాణాల ముందర ఆ రోజు రేట్లు తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. సామాను ఎవరు తెచ్చినా అదే రేటు, అదే కాంటా. నల్లబల్లలు, సుద్దముక్కలు నేనే కొని తెస్తాను. దుకాణందారు భాయీలు మాత్రం ఈ సభలోనే ఒప్పుకోవాలి.